నిప్పుల దారిలో రెక్కలు – 5వ భాగం: మూడో నంబరు విమానం

కిందటి భాగం 1956 సెప్టెంబరు 27న కాలిఫోర్నియా ఎడారి మీద ముగిసింది. ఆ రోజు బెల్ ఎక్స్-2 రాకెట్ విమానంలో మెల్ ఆప్ట్ ధ్వని వేగానికి మూడు రెట్లు దాటాడు. అంత వేగం అందుకున్న మొదటి మనిషి ఆయనే. స్థావరం వైపు మలుపు తిప్పబోగానే విమానం అదుపు తప్పి గింగిరాలు తిరిగింది. ఆప్ట్ బతకలేదు. ఓయిగెన్ జెంగర్, ఇరేనె బ్రెట్ యుద్ధకాలపు జర్మనీలో కాగితం మీద గీసిన 'వెండి పక్షి' గురించీ, 1947లో చక్ యీగర్ ధ్వని వేగాన్ని దాటిన ఎక్స్-1 గురించీ అంతకుముందు భాగాల్లో చెప్పుకున్నాం.

ఈ భాగంలో రెండు విమానాలు వస్తాయి. ఒకటి ఎక్స్-15. ఆ పేరుతో మూడు విమానాలు తయారై, మొత్తం 199 సార్లు ఎగిరాయి. రెండోది డైనా-సోర్. అమెరికా వైమానిక దళం అంతరిక్షంలోకి పంపాలనుకున్న ఆ యుద్ధవిమానం ఒక్కసారి కూడా నేల విడవలేదు. రెండింటినీ కలిపే ముడి ఎక్స్-15లలో మూడో నంబరు విమానం. అది ఎగరకముందే పేలిపోయింది. మళ్లీ ప్రాణం పోసుకుని మూడింటిలోకీ ఎక్కువ ఎత్తుకు వెళ్లింది. చివరికి ఒక పైలట్‌ను బలి తీసుకుంది.

లోహానికి పరీక్ష

ధ్వని వేగానికి ఐదు రెట్లు దాటిన వేగాన్ని హైపర్‌సోనిక్ అంటారు. ఆ వేగంలో విమానానికి ఎదురైన గాలి పక్కకు తప్పుకోలేదు. ముక్కు దగ్గర, రెక్కల అంచుల దగ్గర నలిగి విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడి లోహంలోకి దిగుతుంది. మామూలు విమానాల్లో వాడే అల్యూమినియం అక్కడ మెత్తబడిపోతుంది. అప్పటి గాలి సొరంగాల్లో చిన్న చిన్న నమూనాలను పరీక్షించగలిగేవారే తప్ప, నిజమైన విమానం నిజమైన గాలిలో ఏమవుతుందో చెప్పగలిగినవాళ్లు లేరు.

1954లో వర్జీనియాలోని లాంగ్లీ ప్రయోగశాలలో జాన్ బెకర్ నాయకత్వంలో కొందరు ఇంజినీర్లు ఈ విషయం మీద కూర్చున్నారు. నాసాకు ముందున్న సంస్థ నాకా. ఆ సంస్థ కిందే ఈ ప్రయోగశాల నడిచేది. వేడిని తప్పించుకోవడం కుదరదు కాబట్టి, దాన్ని మోయగలిగే లోహంతోనే విమానం ఒళ్లంతా చెయ్యాలని బెకర్ బృందం తేల్చింది. వాళ్లు ఎంచుకున్నది ఇన్‌కొనెల్-ఎక్స్ అనే నికెల్ మిశ్రలోహం. సుమారు 650 డిగ్రీల సెల్సియస్ దాకా దాని బలం సడలదు.

అదే ఏడాది డిసెంబరులో నాకా, వైమానిక దళం, నౌకాదళం ఒప్పందం చేసుకున్నాయి. డబ్బు సైన్యానిది, సాంకేతిక పెత్తనం నాకాది. తెలుసుకోవాల్సింది ఏమిటన్నదాని మీద ఎవరికీ తగాదా లేదు. వేడికి విమానం ఏమవుతుంది? అంత వేగంలో నిలకడ ఎలా వస్తుంది? గాలి లేని చోట దాన్ని ఎలా తిప్పాలి? ఆ పరిస్థితుల్లో మనిషి ఒంట్లో ఏం జరుగుతుంది? ఒక కాగితం మీద పట్టే నాలుగు ప్రశ్నలు. కార్యక్రమం బతికిన 14 ఏళ్లలో ఆ కాగితం పెద్దగా మారలేదు.

1955లో నార్త్ అమెరికన్ ఏవియేషన్ సంస్థకు పని దక్కింది. హారిసన్ స్టార్మ్స్, చార్లెస్ ఫెల్ట్జ్ ఇంజినీరింగ్ బాధ్యత తీసుకున్నారు. 1953లో ధ్వని వేగానికి రెండింతలు అందుకున్న మొదటి పైలట్ స్కాట్ క్రాస్‌ఫీల్డ్ నాకా ఉద్యోగం వదిలి ఈ సంస్థలో చేరాడు. తాను నడపబోయే విమానం గీతల దశలో ఉన్నప్పటి నుంచీ పక్కనే ఉండాలన్నది ఆయన కోరిక.

15 మీటర్ల పొడవు, ఏడు మీటర్లకు కాస్త తక్కువ రెక్కల విస్తారం, నల్లటి రంగు. వెనకనున్న నిలువు తోకలు ముందు సన్నగా మొదలై చివరికొచ్చేసరికి మందమై, నిటారుగా కోసేసినట్టు ఆగిపోతాయి. ఆప్ట్‌ను చంపిన అస్థిరతకు విరుగుడు ఆ ఆకారంలోనే ఉంది. వెనక చక్రాలు లేవు, రెండు ఉక్కు స్కిడ్లున్నాయి. కింది తోక ఎంత పొడవంటే, దిగేముందు దాన్ని విదిలించి పారేస్తే తప్ప స్కిడ్లు నేలకు తగలవు.

1958 అక్టోబరు 15న లాస్ ఏంజెలెస్‌లో ఉపాధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ సమక్షంలో మొదటి ఎక్స్-15ను బయటికి తెచ్చారు. అప్పటికి సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరి ఏడాది దాటింది. నాకా స్థానంలో నాసా పుట్టి రెండు వారాలైంది. ఈ విమానం మీద పత్రికలు పెట్టుకున్న ఆశలకు అంతులేదు.

ఎండిన సరస్సు ఒడ్డున

ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం మొహావీ ఎడారిలో రోజర్స్ అనే ఎండిపోయిన సరస్సు అంచున ఉంది. చలికాలపు వానలకు సరస్సులో నీళ్లు నిలుస్తాయి. గాలి ఆ నీటిని అటూ ఇటూ తోసి బంకమట్టిని చదును చేస్తుంది. నీళ్లు ఇంకిపోయాక మిగిలేది కిలోమీటర్ల కొద్దీ గట్టి నేల. ఇంజిన్ లేకుండా దిగే విమానానికి అంతకంటే మంచి రన్‌వే దొరకదు. సరస్సు తడిగా ఉంటే ఎక్స్-15 ఎగరదు. కార్యక్రమం క్యాలెండరును వానలు కూడా నిర్ణయించేవి.

అక్కడి కుటుంబాలకు వేసవి ఎండలూ, దుమ్ముగాలులూ, ఆకాశంలో హఠాత్తుగా పేలే ధ్వని విస్ఫోటాలూ నిత్యకృత్యం. ప్రమాదాలూ అంతే. ఎక్స్-2లో ఎత్తు రికార్డు సాధించిన ఇవన్ కించెలో ఎక్స్-15కు వైమానిక దళం ఎంపిక చేసిన పైలట్. విమానం ఎగరకముందే, 1958 జులైలో, ఎఫ్-104 యుద్ధవిమాన ప్రమాదంలో ఆయన చనిపోయాడు. ఆ కుర్చీ రాబర్ట్ వైట్‌కు వచ్చింది.

ఎగిరే రోజున పని చీకట్లోనే మొదలయ్యేది. ఎనిమిది ఇంజిన్ల బి-52 బాంబర్ కుడి రెక్క కింద ఎక్స్-15 వేలాడుతూ ఉండేది. దాని తోకకు చోటివ్వడానికి బాంబర్ రెక్కలో గంటు కోశారు. టెక్నీషియన్లు ట్యాంకుల్లోకి ద్రవ ఆక్సిజన్, అమ్మోనియా ఎక్కించేవారు. అమ్మోనియా ఘాటు కళ్లను మండించేది. వెండి రంగు ప్రెజర్ సూట్ వేసుకున్న పైలట్ నేల మీదే ఎక్స్-15లో కూర్చునేవాడు. పైకప్పు మూసేవారు. ఆ తర్వాత దాదాపు గంటసేపు తల్లి విమానం మోసుకుపోతుంది. ఆ దారిలో ఆవిరైపోయే ఆక్సిజన్‌ను బాంబర్ తన ట్యాంకు నుంచి నింపుతూనే ఉంటుంది.

నెవాడా మీదికి వెళ్లి వదలడం, ఎడ్వర్డ్స్ వైపు ఎగిరి రావడం, ఇదీ పద్ధతి. దారి పొడవునా ఎండిన సరస్సులు ఎంచుకుని, ఇంజిన్ మొరాయిస్తే దిగడానికి సిద్ధంగా ఉంచారు. అక్కడ అగ్నిమాపక బండ్లు, మనుషులు తెల్లవారకముందే కాపు కాసేవారు. ఏదైనా చిన్న మీటర్ పనిచెయ్యక ప్రయాణం ఆగిపోతే ఇంతమందీ ఉత్త చేతులతో ఇంటికి పోవడమే. అలాంటి రోజులు చాలా వచ్చాయి.

సుమారు 13.7 కిలోమీటర్ల ఎత్తులో కొక్కేలు విడిపోతాయి. విమానం ఒక్కసారిగా కిందికి జారుతుంది. పైలట్ ఇంజిన్ వెలిగిస్తాడు. ఇంధనం అయిపోవడానికి నిమిషంన్నర కూడా పట్టదు. ట్యాంకులు ఖాళీ అవుతున్న కొద్దీ విమానం తేలికై, వేగం ఇంకా వేగంగా పెరుగుతుంది, ఒళ్లు కుర్చీకి అతుక్కుపోతుంది. ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోతుంది. ఎత్తు కోసం వెళ్లిన రోజున ఆ తర్వాత రెండు మూడు నిమిషాల పాటు భారమే తెలియదు.

కాక్‌పిట్‌లో మూడు పట్టులుండేవి. నడుమ మామూలు విమానాల్లో ఉండేదే. కుడిచేతి దగ్గర చిన్నది, శరీరం బరువెక్కినప్పుడు మణికట్టుతో తిప్పడానికి. ఎడమచేతి దగ్గరది గాలి లేని చోటికి. అక్కడ రెక్కలు, తోకలు పనిచెయ్యవు కాబట్టి ముక్కులోంచి, రెక్కల కొసల్లోంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి చిమ్మి విమానాన్ని తిప్పేవారు. తర్వాతి వ్యోమనౌకలన్నీ ఈ పద్ధతినే ఏదో ఒక రూపంలో వాడుకున్నాయి.

వదిలిన క్షణం నుంచి నేల తాకేదాకా సుమారు పది నిమిషాలు. ఆ పది నిమిషాల కోసం పైలట్లు సిమ్యులేటర్‌లో గంటల తరబడి కూర్చునేవారు. ఏ మీటర్ పాడైతే ఏం చెయ్యాలి, ఏ సెకనులో ఇంజిన్ ఆగితే ఏ సరస్సుకు తిప్పాలి అన్నది చేతులకు అలవాటయ్యేదాకా సాధన చేసేవారు. ఎక్స్-15 పైలట్ల గుండె నిమిషానికి 145 నుంచి 180 సార్లు కొట్టుకోవడం చూసి వైద్యులు మొదట కంగారుపడ్డారు. ఆరోగ్యవంతుడైన మనిషి ఇలాంటి పనిలో ఉన్నప్పుడు అది సహజమేనని తర్వాత తేల్చుకున్నారు. వ్యోమగాముల వైద్యానికి ఆ లెక్కలు పనికొచ్చాయి.

పేలుడు

ఎక్స్-15 కోసం రియాక్షన్ మోటార్స్ సంస్థ తయారుచేస్తున్న ఎక్స్‌ఎల్‌ఆర్-99 ఇంజిన్ సమయానికి అందలేదు. 25 టన్నులకు పైగా తోపుడు బలం, పైలట్ చేతిలో పెంచి తగ్గించుకునే వీలు, ఆగితే గాలిలోనే మళ్లీ వెలిగించే సదుపాయం, ఇవన్నీ ఒక్క ఇంజిన్‌లో కావాలన్నది కోరిక. అది వచ్చేదాకా యీగర్ ఎక్స్-1లో వాడిన రకం చిన్న ఇంజిన్లు రెండు బిగించి ఎగిరారు. 1959 జూన్ 8న క్రాస్‌ఫీల్డ్ ఇంజిన్ వెలిగించకుండా మొదటిసారి దించాడు. సెప్టెంబరు 17న రాకెట్ బలంతో ఎగిరాడు. నవంబరు 5న ఇంజిన్‌లో మంటలు రేగి అత్యవసరంగా దిగినప్పుడు, ఖాళీ కాని ట్యాంకుల బరువుకు రెండో నంబరు విమానం నడుం విరిగింది. బాగుచేసి మళ్లీ ఎగరేశారు.

పెద్ద ఇంజిన్ బిగించిన మొదటి విమానం మూడో నంబరుది. 1960 జూన్ 8న దాన్ని నేల మీద కట్టేసి పరీక్షించారు. క్రాస్‌ఫీల్డ్ కాక్‌పిట్‌లో ఉన్నాడు. ఇంజిన్ ఒకసారి వెలిగి ఆగింది. మళ్లీ వెలిగించబోగా, ఒక వాల్వు పట్టేయడంతో అమ్మోనియా ట్యాంకులో ఒత్తిడి పెరిగి విమానం వెనక సగం పేలిపోయింది. ముందు భాగం క్రాస్‌ఫీల్డ్‌తో సహా కొన్ని మీటర్లు ముందుకు ఎగిరిపడింది. చుట్టూ మంటలు. ఇన్‌కొనెల్ తొడుగు వేడిని లోపలికి రానివ్వకుండా ఆయన్ను కాపాడింది. అగ్నిమాపక సిబ్బంది మంటలార్పి బయటికి తీశారు. గాయాల్లేవు.

మిగిలిన ముక్కను పారెయ్యకుండా ఫ్యాక్టరీకి పంపారు. తిరిగి కట్టేటప్పుడు అందులో కొత్తగా హనీవెల్ సంస్థ తయారుచేసిన ఎంహెచ్-96 అనే నియంత్రణ వ్యవస్థ పెట్టారు. విమానం ఉన్న ఎత్తును, వేగాన్ని బట్టి ఆ వ్యవస్థ తన పట్టును తానే మార్చుకుంటుంది. గాలి ఉన్న చోట తోకల్ని, గాలి లేని చోట ఆవిరి జెట్లను అదే కదిలిస్తుంది. పైలట్ ఏ పట్టు ఎప్పుడు పట్టుకోవాలో ఆలోచించనక్కర్లేదు. ఈ పరికరాన్ని అసలు ఎక్స్-15 కోసం తయారుచెయ్యలేదు, డైనా-సోర్ కోసం చేశారు.

వైమానిక దళం కల

నాజీ జర్మనీలో పీనెముండే రాకెట్ కేంద్రానికి సైనిక అధిపతిగా ఉన్న వాల్టర్ డోర్న్‌బర్గర్ యుద్ధం తర్వాత అమెరికా వచ్చి బెల్ సంస్థలో చేరాడు. జెంగర్ 'వెండి పక్షి' కాగితాలు ఆయనకు తెలుసు. రాకెట్ మీద పైకెళ్లి, వాతావరణం అంచున జారుతూ ఖండాలు దాటి, తిరిగొచ్చి విమానంలా దిగే బాంబర్‌ను ఆయన 1950ల ఆరంభం నుంచీ వైమానిక దళానికి నచ్చచెబుతూ వచ్చాడు. చిన్న చిన్న అధ్యయనాలు నడుస్తుండగా 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరింది. వారం తిరక్కుండా వైమానిక దళం వాటన్నిటినీ కలిపి డైనా-సోర్ అని పేరు పెట్టింది. బెల్, మార్టిన్ సంస్థలు జతకట్టి ఒకవైపు, బోయింగ్ మరోవైపు పోటీపడ్డాయి. 1959 నవంబరులో విమానం బోయింగ్‌కు, దాన్ని మోసే రాకెట్ మార్టిన్‌కు దక్కాయి. తొలి ఊహ తెచ్చిన బెల్‌కు చివరికి ఏమీ మిగల్లేదు.

సియాటిల్‌లో బోయింగ్ ఇంజినీర్లు చేసిన పని ఇవాళ చదివినా అబ్బురమే. పదకొండు మీటర్ల లోపు పొడవున్న త్రిభుజాకారపు విమానం. ఒంటికి రెనె-41 అనే నికెల్ మిశ్రలోహం, అడుగున ఇంకా ఎక్కువ వేడి తగిలే చోట మాలిబ్డినం, ముక్కుకు జిర్కోనియా టోపీ. కక్ష్య నుంచి దిగేటప్పుడు రబ్బరు టైర్లు నిలవవు కాబట్టి ఇనుప తీగల బ్రష్షుల్లాంటి స్కిడ్లు. ముందు కిటికీలకు వేడిని ఆపే మూత. దిగేముందు దాన్ని వదిలేయాలి. మూత ఊడకపోతే పక్క కిటికీల్లోంచి చూసి దించగలమా అన్న అనుమానం తీర్చడానికి నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ వేరే విమానంలో ముందు కిటికీ కప్పేసి దిగి చూపించాడు. అవును, చంద్రుడి మీద కాలుపెట్టిన ఆర్మ్‌స్ట్రాంగే. అప్పటికి ఆయన ఎక్స్-15 పైలట్, డైనా-సోర్ సలహాదారు.

ఇంత పనితనం ఉన్నా డైనా-సోర్‌కు ఒక జబ్బు మొదటినుంచీ ఉంది. అది దేనికోసమో అందరూ ఒప్పుకునే జవాబు లేదు. బాంబులెయ్యడానికని ఒకసారి, శత్రుదేశాన్ని పైనుంచి ఫొటోలు తియ్యడానికని ఇంకోసారి, సోవియట్ ఉపగ్రహాల దగ్గరికెళ్లి పరిశీలించడానికని మరోసారి చెప్పారు. 1962లో ఎక్స్-20 అని పేరు మార్చి పరిశోధన విమానం అన్నారు. మోసే రాకెట్ కూడా టైటాన్-1 నుంచి టైటాన్-2కు, అక్కడి నుంచి టైటాన్-3సికి మారింది. మారిన ప్రతిసారీ గడువు వెనక్కి జరిగింది, ఖర్చు పెరిగింది.

అంతరిక్షపు గుమ్మం

అదే సమయంలో ఎడ్వర్డ్స్‌లో ఒక్కో మెట్టూ ఎక్కుతున్నారు. 1961లో రాబర్ట్ వైట్ మార్చిలో ధ్వని వేగానికి నాలుగు రెట్లు, జూన్‌లో ఐదు, నవంబరు 9న ఆరు రెట్లు దాటాడు. నవంబరు ప్రయాణంలో వేగం తగ్గుతుండగా కుడివైపు కిటికీ అద్దం పగుళ్లు బారి తెల్లబడిపోయింది. ఎడమ అద్దంలోంచి చూస్తూ దించాడు. విప్పి చూస్తే అద్దం చుట్టూ ఉన్న లోహపు చట్రం వేడికి ఉబ్బి అద్దాన్ని నొక్కిందని తెలిసింది. చట్రం లోహం మార్చారు.

ఎక్స్-15 విలువ ఇక్కడే ఉంది. క్షిపణి ముక్కును అంతే వేగంతో పంపవచ్చు, అది సముద్రంలో పడిపోతుంది. ఈ విమానం తన గాయాలతో సహా ఇంటికొచ్చేది. కొన్ని ప్రయాణాలకు ముందు వేడికి రంగు మారే పెయింటు పూసేవారు. దిగాక చూస్తే రెక్కల మీద వేడి పారిన దారులు చారలుగా కనిపించేవి. రెక్క ముందు అంచులో, లోహం వ్యాకోచించడానికని వదిలిన సన్నటి సందులున్నాయి. ఆ సందుల వెనకే తొడుగు ఉబ్బెత్తుగా లేచింది. అంత చిన్న సందు గాలి ప్రవాహాన్ని చెదరగొట్టి వేడిని ఒక చోట పోగేస్తుందని గాలి సొరంగం చెప్పలేదు, ఈ రెక్క చెప్పింది. సందుల మీద చిన్న రేకు ముక్కలు కప్పారు. మళ్లీ ఎగిరారు.

బాగుచేసిన మూడో నంబరు విమానాన్ని 1961 డిసెంబరులో మొదట ఎగరేసింది ఆర్మ్‌స్ట్రాంగే. 1962 ఏప్రిల్ 20న ఎంహెచ్-96లో ఒక సదుపాయాన్ని పరీక్షించబోయాడు. శరీరం మీద పడే భారం మితి మీరకుండా అది ఆపాలి. అది పనిచేసేదాకా చూద్దామని ముక్కు పైకెత్తి ఉంచేసరికి విమానం పలచటి గాలి మీద తేలి మళ్లీ పైకి లేచింది. రెక్కలకు పట్టు దొరకలేదు. ఎడ్వర్డ్స్ దాటి దక్షిణాన పాసడీనా దిక్కుకు వెళ్లిపోయింది. ఇంజిన్ లేని విమానాన్ని తిప్పుకుని, ఉన్న ఎత్తును పొదుపుగా ఖర్చుపెట్టి, సరస్సు దక్షిణపు కొసన దించాడు. ఎక్స్-15 ప్రయాణాల్లో అన్నిటికంటే ఎక్కువసేపు సాగింది అదే, 12 నిమిషాలు దాటింది.

1962 జులై 17న అదే విమానంలో వైట్ 95.9 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లాడు. 80 కిలోమీటర్లు దాటినవాళ్లను వ్యోమగాములుగా గుర్తించడం వైమానిక దళం పద్ధతి. రెక్కలున్న విమానం నడిపి ఆ గుర్తింపు పొందిన మొదటివాడు వైట్. 1963 ఆగస్టు 22న నాసా పైలట్ జో వాకర్, మళ్లీ మూడో నంబరు విమానంలోనే, దాదాపు 108 కిలోమీటర్లు ఎక్కి దిగాడు. ఎక్స్-15 అంతకు మించి ఎత్తుకు పోలేదు. వాకర్ సైనికుడు కాదు, నాసా ఉద్యోగి. అందువల్ల ఆయనకు వ్యోమగామి బ్యాడ్జి ఇవ్వలేదు. 2005లో నాసా ఆ లోటు తీర్చింది. 1966లోనే ఒక విమాన ప్రమాదంలో వాకర్ కన్నుమూశాడు.

దేనికోసం?

వాకర్ రికార్డు సాధించిన కొద్ది నెలలకే డైనా-సోర్ తలరాత తేలిపోయింది. అప్పటి రక్షణమంత్రి రాబర్ట్ మెక్‌నమారా ఫోర్డ్ కంపెనీ నుంచి వచ్చినవాడు, ప్రతి ఖర్చుకూ ప్రయోజనం లెక్కగట్టమనేవాడు. ఈ విమానం కక్ష్యలో సైన్యానికి చేసిపెట్టే పని ఏమిటని ఆయన అడిగాడు. నాసా జెమిని నౌకలో ఇద్దరు మనుషులు రోజుల తరబడి ఉండబోతున్నారు. మనిషి లేని కరోనా ఉపగ్రహాలు 1960 నుంచే రహస్యంగా సోవియట్ భూభాగాన్ని ఫొటోలు తీసి ఫిల్మును కిందికి పంపుతున్నాయి. ఒక్క మనిషితో కొద్దిసేపు తిరిగొచ్చే విమానం వీటికంటే ఏం ఎక్కువ చేస్తుంది? వైమానిక దళం అధికారులు ఇచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి కలవలేదు. దిగడం ఎలాగో నేర్చుకోవడమే అసలు లాభమని ఇంజినీర్లు నమ్మారు. ఆ మాటకు బడ్జెట్ సమావేశంలో బలం చాలలేదు.

అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగిన 18 రోజులకు, 1963 డిసెంబరు 10న, మెక్‌నమారా డైనా-సోర్‌ను రద్దు చేశాడు. బదులుగా ఎంఓఎల్ అనే సైనిక అంతరిక్ష కేంద్రం కడతామన్నాడు. అప్పటికే సుమారు 41 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఎక్స్-15 కార్యక్రమం మొత్తానికైన ఖర్చు దాదాపు 30 కోట్ల డాలర్లే. సియాటిల్‌లో వేలమంది చేతిలో పని పోయింది. అంతకు ముందటి ఏడాది లాస్ వెగాస్‌లో కొత్త వ్యోమగాములుగా లోకానికి పరిచయమైన ఆరుగురు పైలట్లు తమ పాత ఉద్యోగాలకు మళ్లారు. వాళ్లలో పీట్ నైట్ ఎక్స్-15కు వచ్చాడు. ఎంఓఎల్ కూడా మనుషుల్ని ఎక్కించుకోకుండానే 1969లో రద్దయింది.

చివరి రెండేళ్లు

1962లో దిగేటప్పుడు తిరగబడి నుజ్జయిన రెండో నంబరు విమానాన్ని పొడవు పెంచి, బయట అదనపు ట్యాంకులు తగిలించి మళ్లీ కట్టారు. ఆ ప్రమాదంలో వెన్నుపూసలు నలిగిన జాక్ మెకే కోలుకుని మళ్లీ ఎగిరాడు. 1967 అక్టోబరు 3న ఆ విమానానికి వేడిలో కొద్దికొద్దిగా కరిగి రక్షణనిచ్చే పూత పూసి, పైన తెల్లరంగు వేశారు. కింది తోకకు నమూనా ర్యామ్‌జెట్ ఇంజిన్ తగిలించారు. పీట్ నైట్ ధ్వని వేగానికి 6.7 రెట్లు అందుకున్నాడు. గంటకు 7,274 కిలోమీటర్లు, అంటే నిమిషానికి 121 కిలోమీటర్లు. రెక్కలున్న విమానంలో ఇంజిన్ బలంతో అంత వేగం వాతావరణంలో ఇప్పటికీ మరెవరూ అందుకోలేదు.

తెల్లగా వెళ్లిన విమానం మసిబారి దిగింది. ర్యామ్‌జెట్ నమూనా లేదు, దారిలో రాలిపోయింది. దాని ముందు లేచిన గాలి తరంగం తోక లోహాన్ని కోసి బొక్కలు పెట్టింది. వేగం మరికాస్త పెంచి ఉంటే ఏమయ్యేదో ఆ బొక్కలు చూసినవాళ్లకు అర్థమైంది. ఆ విమానం ఆ తర్వాత ఎగరలేదు.

ఆరు వారాలకు, నవంబరు 15న, మైకేల్ ఆడమ్స్ మూడో నంబరు విమానంలో నెవాడా మీది నుంచి బయల్దేరాడు. వయసు 37. పైకి వెళ్తుండగా ఒక ప్రయోగ పరికరం నుంచి పుట్టిన విద్యుత్ అలజడి నియంత్రణ వ్యవస్థను తడబెట్టింది. శిఖరం దగ్గర, 81 కిలోమీటర్ల ఎత్తులో, విమానం ముక్కు దారి తప్పి పక్కకు తిరగసాగింది. ఎదురుగా ఉన్న మీటర్ ఏం చూపుతోందో ఆడమ్స్ పొరబడినట్టు విచారణలో తేలింది. ఆయనకు తల తిరిగే లక్షణం కూడా ఉంది. కింద కంట్రోల్ రూమ్‌లో ఆ రోజు మాట్లాడుతున్నది పీట్ నైట్. విమానం ఏ దిక్కు చూస్తోందో చూపే మీటర్ ఆ గదిలో లేదు. విమానం అడ్డంగా తిరిగిన సంగతి కింద ఎవరికీ తెలియలేదు.

ధ్వని వేగానికి ఐదు రెట్ల వేగంలో విమానం గిరికీల్లో పడింది. ఆ మాట ఆడమ్స్ రేడియోలో చెప్పాడు. ఆ వేగంలో గిరికీల నుంచి బయటపడటం ఎలాగో అప్పటికి ఎవరికీ తెలియదు. అయినా 36 కిలోమీటర్ల ఎత్తుకు వచ్చేసరికి విమానం నిలకడలోకి వచ్చింది. అప్పుడు ఎంహెచ్-96 ఎదురుతిరిగింది. తన పట్టును గరిష్ఠ స్థాయిలో ఉంచేసి, తోకల్ని అటూ ఇటూ ఊపుతూనే ఉండిపోయింది. పైలట్ చేతికి విమానం చిక్కలేదు. దట్టమైన గాలిలోకి వచ్చేసరికి భారం తాళలేక ముక్కలైంది. ఆడమ్స్ మరణించాడు. ఆ విమానానికి అది 65వ ప్రయాణం.

విచారణ తర్వాత విమానం దిక్కును చూపే మీటర్‌ను కంట్రోల్ రూమ్‌లో పెట్టమన్నారు. పైలట్లకు తల తిరిగే లక్షణముందేమో పరీక్షించమన్నారు. మిగిలిన మొదటి నంబరు విమానం 1968 అక్టోబరు 24న బిల్ డానా చేతిలో 199వ ప్రయాణం చేసింది. రెండువందలోదానికి పదేపదే ప్రయత్నించారు. డిసెంబరు 20న చివరి ప్రయత్నం రోజున ఎడారిలో మంచు కురిసింది. అక్కడితో కార్యక్రమం మూసేశారు.

రెండు కార్యక్రమాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ప్రతిభలో లేదు. బోయింగ్ ఇంజినీర్లు ఎవరికీ తీసిపోరు. ఎక్స్-15 వాళ్లకు తామేం తెలుసుకోవాలో తెలుసు. విరిగిన ప్రతిసారీ ఆ విరిగిన ముక్కే వాళ్లకు జవాబైంది. డైనా-సోర్‌ను నడిపించిన అధికారులు మాత్రం అది ఏం చేస్తుందో ఆరేళ్లలో రకరకాలుగా చెప్పారు. సైనిక అంతరిక్ష విమానం అప్పుడే పుట్టకపోవడానికి ఒక పెద్ద కారణం అదే. మళ్లీ మళ్లీ వాడుకునే అంతరిక్ష విమానాల విద్యలో చాలా భాగం ఎక్స్-15 దగ్గర మొదలైంది. ఇంజిన్ బలం లేకుండా ఏటవాలుగా జారి వచ్చి దిగే పద్ధతిని స్పేస్ షటిల్ అందిపుచ్చుకుంది. ఎక్స్-15 నడిపిన జో ఎంగిల్ 1981లో షటిల్ రెండో యాత్రకు కమాండర్‌గా వెళ్లాడు. 2023లో కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర ఇస్రో తన రెక్కల వాహనాన్ని చినూక్ హెలికాప్టర్ నుంచి వదిలి రన్‌వే మీద దానంతట అది దిగేలా చేసింది. ఆ పరీక్షలోనూ ఎత్తు నుంచి వదిలి, దించి, విప్పి చూసి నేర్చుకునే పాత పద్ధతే కనిపిస్తుంది.

శ్రీహరికోట నుంచి 2016లో ఎగిరిన ఆ వాహనం తొలి నమూనా గురించీ, హైదరాబాద్ డీఆర్‌డీఎల్ శాస్త్రవేత్తల హైపర్‌సోనిక్ ఇంజిన్ పరీక్షల గురించీ రాబోయే భాగాల్లో వివరంగా చెప్పుకుందాం. అంతకంటే ముందు మాస్కో వెళ్లాలి. డైనా-సోర్ రద్దయిన రెండేళ్లకు మికోయాన్ సంస్థలో గ్లెబ్ లోజినో-లోజిన్స్కీ అనే ఇంజినీరు 'స్పిరాల్' పేరుతో సోవియట్ సైనిక అంతరిక్ష విమానానికి శ్రీకారం చుట్టాడు. 1980ల ఆరంభంలో దాని నమూనా ఒకటి హిందూ మహాసముద్రంలో పడితే, సోవియట్ నావికులు పైకి తీస్తుండగా ఆస్ట్రేలియా నిఘా విమానం ఫొటోలు తీసింది. వచ్చే భాగం ఆ ఫొటోలతో మొదలవుతుంది.